తేనెబండికి దారి

నమోదు 22. కాకర్లమెట్ట లూపు లైను, మధ్యాహ్నం.

మళ్ళీ పక్కకు తోశారు. ఈసారి ఊరి పేరు కాకర్లమెట్ట. స్టేషనంటే స్టేషనేమీ లేదు. పైకప్పు ఎగిరిపోయిన ఒక గది, ఒక చేతిపంపు, అక్షరాలు చెరిగిపోయిన పలక. గది ముందు అసలు లైను, దాని పక్కన మేమున్న లూపు లైను. వెనక నుంచి వచ్చే బండ్లు మమ్మల్ని దాటిపోవడం కోసం మమ్మల్ని నిలబెట్టే పక్కదారి ఇది. బయల్దేరినప్పటి నుంచి ఇలాంటివి ఎన్ని చూశామో లెక్కపెట్టడం మానేశాను.

బండి ఆగిన ప్రతిచోటా గార్డు కారణం రాయాలని మా సంఘం నిబంధన. కారణం: నాకూ తెలియదు.

ఈసారి ఈ నమోదు పైవాళ్ళ దాకా పోయేలా ఉంది కాబట్టి మేమెవరమో కూడా రాస్తున్నాను. నా పేరు నూకరత్నం. తేనెటీగల సంఘం బండికి గార్డుని. నాతో ఉన్నది మా ఆయన దాలినాయుడు. పెట్టెల సంరక్షణ ఆయన పని, వంట కూడా ఆయనదే. ఇంజనులో మనిషి ఉండడు. దీపం చూసుకుని అదే కదులుతుంది, అదే ఆగుతుంది. వెనక పదకొండు వ్యాగన్ల నిండా అరకు కొండల మీద వలిసె పూల తేనె తాగి బలిసిన ఈగల పెట్టెలు. చివర మేమిద్దరం బతికే గార్డు పెట్టె. మైదానాల్లో ఈగలన్నవి లేకుండా పోయాక, నంద్యాల వైపు పొద్దుతిరుగుడు చేలకు మా బండి వెళ్తేనే గింజ పడుతుంది. లేకపోతే పువ్వు నిండా తొక్కే. పూత మొదలై అప్పుడే మూడు రోజులయిందని అక్కడి రైతులు రోజూ ఫోను చేస్తున్నారు.

కంట్రోలుకు ఫోను చేశాను. బండ్లన్నింటినీ నడిపేది 'వరుస' అనే యంత్రం. దాని తరఫున మాట్లాడడానికి ఒక మనిషిని పెట్టారు. ఆయన హోదా జవాబుదారు. పేరు సుభానీ. గొంతును బట్టి ముప్ఫై అయిదేళ్ళుంటాయి.

"ఎందుకాపారు బాబూ?"

"వెనక మెరుపు బండ్లు రెండు, నీళ్ళ బండి ఒకటి ఉన్నాయి మేడం. అవి దాటాక చూస్తుంది."

"నిన్నా అదే అన్నారు. ప్రయాణికుల బండ్లకీ, నీళ్ళ బండికీ దారిస్తాం. అందులో తప్పు లేదు. కానీ పొద్దున్న సిమెంటు బండి కూడా మమ్మల్ని దాటీసింది. సిమెంటు కన్నా మేం లోకువా?"

ఏదో తిరగేసి చెప్పాడు. "మీ సరుకు పేరు తేనె అని ఉంది మేడం. తేనె చెడిపోదు కదా. చెడిపోని సరుకుల్లో అన్నిటికన్నా ఎక్కువకాలం నిలవుండేది తేనేనని వరుసకు తెలుసు. సిమెంటు మూడు నెలలకు గడ్డకడుతుంది. అందుకని…"

"లోపలున్నది తేనె కాదు బాబూ, ఈగలు! ప్రాణాలతో ఉన్న ఈగలు!"

"అది నాకు అర్థమైంది మేడం. నా చేతిలో ఏమీ లేదు."

నమోదు 23. అదే చోటు, మర్నాడు.

రాత్రంతా మమ్మల్ని బండ్లు దాటుతూనే ఉన్నాయి. ఒక్కొక్కటి పోతున్నప్పుడు మా పెట్టెలన్నీ ఒక్కసారి గుయ్యిమని, మళ్ళీ సద్దుమణుగుతాయి. దాలినాయుడు మాత్రం హాయిగా గుర్రుపెట్టాడు. ఆ మనిషికి కోపం రాదు. ఆయన వాటా కోపం కూడా నేనే పడాలి.

మమ్మల్నే ఎందుకు పక్కకు తోస్తారో ఇవాళ సుభానీ విడమరిచి చెప్పాడు. వింటే ఏడవాలో నవ్వాలో తెలియలేదు. బొగ్గు బండ్లు, బ్యాటరీల బండ్లు ఇప్పుడు రెండేసి కిలోమీటర్ల పొడుగు. అవి ఏ లూపులోనూ పట్టవు కాబట్టి వాటిని పక్కకు తియ్యడం కుదరదు. మెరుపు బండ్లయినా వాటి వెనక ఈడ్చుకుంటూ రావలసిందే. మాది పొట్టి బండి. ఎక్కడైనా ఇముడుతుంది. ఇముడుతుంది కాబట్టి ప్రతిచోటా ఇరికిస్తారు.

"ఇంకోటుంది మేడం," అన్నాడు మొహమాటంగా. "ఒకసారి వేళ తప్పిన బండికి దారి పోతుంది. వేళకు నడిచే బండిని దానివల్ల ఆలస్యం చెయ్యకూడదు కదా. అందుకని ఆలస్యమైన బండినే ఇంకాస్త ఆపుతుంది."

"అంటే మీరే ఆలస్యం చేసి, ఆలస్యమైంది కదా అని మళ్ళీ ఆలస్యం చేస్తారా?"

"వరుస చేస్తుంది మేడం."

అప్పుడతనే ఒక ఉపాయం చెప్పాడు. సరుకు పేరు మార్చి 'జీవాలు' అని వేస్తే వరుసలో పైకి పోతామట. వెయ్యమన్నాను. ఎన్ని తలలని అడిగాడు.

"పెట్టెకు నలభై వేలు. నాలుగు వందల పెట్టెలు. వేసుకోండి."

అంకెలు కొట్టి చూశాడు. "ఆ గడిలో నాలుగంకెలకు మించి పట్టవు మేడం."

"అయితే పెట్టెకొక తల చొప్పున వెయ్యండి."

వేశాడు. నాలుగు వందల తలలు, తలకు ముప్ఫై కిలోలు. వరుస ఆలోచించుకుని, మా బండిలో ఉన్నవి మేకలని తేల్చింది. నిజంగానే ఒక గంటసేపు సిమెంటునూ ఎరువులనూ దాటి పైకి పోయాం. నేను పెట్టెల తాళ్ళు బిగించమని మా ఆయన్ని తొందరపెట్టాను కూడా. అంతలో కొత్త ఆజ్ఞ వచ్చింది. మేకలను దించి, నీళ్ళు తాగించి, తాగాయని పశువుల డాక్టరు చెప్పేదాకా బండి కదలరాదు.

"దించి తాగిద్దామేటి?" అన్నాడు దాలినాయుడు, ఉల్లిపాయ తరుగుతూ.

"నీకు నవ్వులాటగా ఉందా?"

"నవ్వక ఏటి సేస్తాం రత్నం? ఏడిస్తే దీపం పచ్చగా ఎలుగుద్దా?"

సాయంత్రానికి మళ్ళీ తేనెగా మార్పించాను. మారినందుకు వరుసలో మా చోటు కొత్త తేదీతో పడింది. ఇప్పుడు తేనె సరుకుల్లో కూడా చిట్టచివర ఉన్నాం.

నమోదు 24. అదే చోటు, మూడో రోజు.

మాఘమాసంలో ఈ ఎండేమిటో. వ్యాగన్ల ఇనుము మధ్యాహ్నానికి చెయ్యి పెట్టలేనట్టు కాలుతోంది. ఈగలను వల బిగించిన పెట్టెల్లో మూడు నాలుగు రోజులు ఉంచవచ్చు, బండి కదులుతూ గాలాడుతుంటే. నిలబెట్టిన బండిలో అలా కుదరదు. మూడో వ్యాగన్లో పెట్టెల వలల మీద ఈగలు గడ్డాల్లా వేలాడుతున్నాయి. లోపల లక్షల రెక్కలు ఆపకుండా విసురుకుంటున్నాయి. ఆ చప్పుడు మామూలు గుయ్యిమనడం కాదు, గరగర. మైనం మెత్తబడిన వాసన కూడా మొదలైంది. గోనెపట్టాలు తడిపి కప్పుతున్నాం. చేతిపంపు దగ్గర నుంచి బిందెలు మోసి మోసి మా ఇద్దరి భుజాలూ ఒరుసుకుపోయాయి.

ఆ పంపు దగ్గరే కాశమ్మ కనిపించింది. అరవై దాటిన మనిషి. లైనుకు ఆవలి పక్క పొలం ఆమెదే. గుమ్మడి, దోస, సొర. నేను నాలుగో బిందె కొడుతుంటే వచ్చి నిలబడింది.

"ఏందమ్మే, రెండు రోజుల్నుంచి నీళ్ళన్నీ తోడతా ఉండావు? ఏముండాది ఆ బండిలో? ఏందా రొద?"

"ఈగలమ్మా. తేనెటీగలు."

ఆమె బిందె కింద పెట్టింది. "నిజంగానా? నా పెళ్ళప్పుడు చూసినా. మా అత్తగారి పందిట్లో పట్టు పట్టినాయి. ఆ మీదట మళ్ళ చూళ్ళా."

తీసుకెళ్ళి చూపించాను. వల దగ్గర ముఖం పెట్టి చాలాసేపు చూసింది. తర్వాత తన చేతులు చూపించింది. వేళ్ళ చివర పసుపు మరక, తోముకున్నా పోనిది. తెల్లవారకముందే లేచి, మగపువ్వు కోసి, వంగి ఒక్కొక్క ఆడపువ్వుకూ తాకించడం ఆమె పని. పూత ఉన్నన్నాళ్ళూ రోజూ చెయ్యాలి. ఎండెక్కితే పువ్వు ముడుచుకుంటుంది. తాకించని పువ్వు పిందె కాకుండా రాలిపోతుంది.

"సగం చేను తిరిగేటప్పటికి నడుం పడిపోతది. మిగతా సగం దేవుడికి వదిలేస్తా," అంది.

మధ్యాహ్నం ఆమే సజ్జ రొట్టెలు, చింతకాయ పచ్చడి తెచ్చిపెట్టింది. తింటూ ఉండగా మూడో వ్యాగన్లోంచి తేనె కారుతోందని దాలినాయుడు చూశాడు. ఒక పెట్టెలో మైనపు తేనెపట్లు కరిగి కూలిపోయాయి. తెరిచి చూస్తే ఈగలన్నీ తేనెలో మునిగి, అడుగున నల్లటి ముద్ద. ఆయన ఆ పెట్టెను దించి పక్కన పెట్టాడు. ఆ పూట ఆయన కూడా నవ్వలేదు.

నమోదు 25. అదే చోటు, నాలుగో రోజు పొద్దున్నే.

సుభానీకి ఫోను చేసి ఒక్క మాట అడిగాను. "అబద్ధం చెప్పకండి. మాకు దారెప్పుడు?"

"రేపు సాయంత్రం లోపల లేదు మేడం. ఆ తర్వాత కూడా రాసి లేదు."

"అయితే నేను పెట్టెలు తెరిచేస్తాను. తెరవకపోతే ఇవాళ మధ్యాహ్నానికి సగం వ్యాగన్లు పోతాయి. కానీ ఒకటి వినండి. తెరిస్తే అవి మేతకు పోతాయి, ఈ చోటునే ఇల్లనుకుంటాయి. పొద్దుగూకితే గానీ తిరిగి రావు. పగటిపూట బండి కదిలిందంటే బయటికి పోయినవన్నీ ఇక్కడికొచ్చి, ఇల్లు లేక చస్తాయి. పగలు మాకు పచ్చదీపం ఇవ్వొద్దని రాయండి. రాస్తారా?"

"రాస్తాను మేడం. కానీ…"

"కానీ ఏటి?"

"వ్యాఖ్యల గడిలో రాస్తాను. వరుస వ్యాఖ్యలు చదవదు."

ఇన్నాళ్ళూ కోపంతో మాట్లాడాను. ఈసారి కోపం కూడా రాలేదు. ఫోను పెట్టేసి, వలలు విప్పమని మా ఆయనకు చెప్పాను.

మొదట బయటికొచ్చినవి పెట్టె ముందు గాల్లోనే వెనక్కి తిరిగి, ఇంటి గుర్తు పెట్టుకుని, చిన్న చిన్న సుడులు చుట్టాయి. తర్వాత వాన వెలిసినట్టు ఆకాశం ఖాళీ అయింది. కాశమ్మ పొలంలోంచి కేక పెట్టింది, "రాండమ్మా, రాండి!" అని. వెళ్తే, గుమ్మడి పువ్వు లోపల పుప్పొడి పూసుకుని మా ఈగ ఒకటి దొర్లుతోంది. ఆమె గట్టున కూర్చుంది. చేతులు ఒళ్ళో పెట్టుకుని, చెయ్యడానికి పని లేనిదానిలా అటూ ఇటూ చూసింది.

"ఇంక నేనేం చెయ్యాల?" అని నన్నడిగింది.

"కూర్చోవడమే," అన్నాను. బయల్దేరినప్పటి నుంచి నాకు మంచిగా అనిపించిన గంట అదొక్కటే.

నమోదు 26. అదే చోటు, మర్నాడు పగలు.

అనుకున్నంతా అయింది.

పదిన్నర ప్రాంతంలో ఎక్కడో ఒక బ్యాటరీల బండి రద్దయిందట. దారి ఖాళీ అయింది. ఖాళీ దారిలోకి ఏ బండి ఇముడుతుందా అని వరుస వెతికింది. మాదే ఇమిడింది.

నేను పంపు దగ్గరున్నాను. ఇంజను కూత వేసింది. తలెత్తితే పచ్చదీపం. నాలుగు రోజులు దేని కోసం అడుక్కున్నానో అది. కూత వేశాక రెండు నిమిషాల్లో కదులుతుంది. నాలుగు వందల పెట్టెల గుమ్మాలు తెరిచి ఉన్నాయి, మేతకు పోయిన ఈగలు చేలల్లో ఉన్నాయి.

ఫోను చేశాను. సుభానీ అందుకున్నాడు. "ఆపండి బాబూ! ఈగలు బయట ఉన్నాయి!"

"ఆపే మీట నా దగ్గర లేదు మేడం…"

బండి కదిలింది. పరుగెత్తి గార్డు పెట్టె ఎక్కి, ఆపద బ్రేకు పిడి రెండు చేతులతో కిందికి లాగాను. పదకొండు వ్యాగన్లు ఒకదాన్నొకటి గుద్దుకుంటూ కీచుమని ఆగాయి. నేను తలుపుకు కొట్టుకున్నాను. మోచెయ్యి పగిలింది.

దిగి చూశాను. బండి ఆగింది గానీ ఆగవలసిన చోట ఆగలేదు. ఇంజనూ ముందు రెండు వ్యాగన్లూ లూపు దాటి అసలు లైను మీదికి పోయి ఉన్నాయి. అంటే అసలు లైను మూసుకుపోయింది.

ఇన్నాళ్ళు నేను చేస్తే ఎత్తని నంబర్లన్నీ ఇప్పుడు నాకే చేశాయి. ఒకాయన పిడి పైకెత్తమని ఆజ్ఞాపించాడు. ఇంకొకాయన నా పేరు, మా సంఘం పేరు రాసుకున్నాడు. పిడి పైకెత్తితే బండి వెంటనే ముందుకు పోతుంది, నలభై కిలోమీటర్ల దాకా ఆగదు. ఎత్తనన్నాను. పోనీ వెనక్కి, లూపులోకి నడపండి, ముప్ఫై బారలు నడిపితే చాలు, మీ లైను మీకొచ్చేస్తుందన్నాను.

"వెనక్కి నడపడం వరుసకు రాదు," అన్నాడాయన, నాకేదో తెలియనట్టు.

నమోదు 27. అదే చోటు, అదే రోజు. ఇది తీరికగా రాస్తున్నాను.

మా వెనక మెరుపు బండి వచ్చి ఆగింది. పొడుగాటి తెల్లటి బండి. కిటికీలు తెరుచుకోవు. కాసేపటికి తలుపులు తెరుచుకుని జనం దిగారు, పట్టాల వెంట మా దగ్గరికి నడిచారు. అందరికీ కోపంగా ఉంది. ఆ కోపం నాకు బాగా తెలిసినదే. నాలుగు రోజులుగా నేను మోస్తున్నదే.

"ఎవరమ్మా బండాపింది?"

"నేనే."

"ఎప్పుడు కదుపుతావు?"

"పొద్దుగూకాక."

అక్కడ మొదలైంది. ఒకాయన నా ముఖం ముందు వేలు ఆడిస్తూ అరుస్తుంటే, ఆయన చెవి మీద ఈగ కుట్టింది. దాలినాయుడు ముల్లు తీసి సున్నం రాశాడు. రాస్తున్నంతసేపూ ఆయన తిడుతూనే ఉన్నాడు, మా ఆయన "అవునండి, నిజమేనండి" అంటూనే ఉన్నాడు. నేను మాత్రం ఎవరికీ తగ్గలేదు. మీ బండ్లకు దారివ్వడానికి మా పెట్టె ఒకటి తేనెలో మునిగి చచ్చింది, మీరొక్క పూట ఆగలేరా అని నేనూ అరిచాను. న్యాయం నా వైపుందని నాకు గట్టిగా అనిపించింది.

అరుపులు కొంచెం తగ్గాక ఒక మనిషి దగ్గరికొచ్చాడు. యాభై ఏళ్ళుంటాయి. తెల్లచొక్కా, చేతిలో చిన్న సంచి. పేరు ఆశీర్వాదమని చెప్పాడు. అరవలేదు.

"మీ ఈగలు ఎన్నింటికి వస్తాయమ్మా?"

"ఆరు దాటుద్ది."

తలూపాడు. వెళ్ళబోయి ఆగాడు. "మా నాన్న నిన్న పొద్దున చనిపోయాడు. నాలుగింటికి సమాధి అని చెప్పినారు. నేనొక్కడ్నే కొడుకుని. పెట్టె మూత వెయ్యకుండా ఉంచినారు నా కోసం." నన్నేమీ అడగలేదు. వెళ్ళి ఎండలో పట్టా మీద కూర్చున్నాడు.

నేను గార్డు పెట్టె మెట్టు మీద కూర్చున్నాను. బ్రేకు పిడి నా తల దగ్గరే ఉంది. మా ఆయన వచ్చి పక్కన నిలబడ్డాడు.

"ఏటంటావు?" అన్నాను.

"ఈగలు మళ్ళీ పుడతాయి రత్నం," అన్నాడు. ఒక్కొక్క పెట్టెనూ సొంత బిడ్డలా చూసుకునే మనిషి.

సుభానీకి ఫోను చేశాను. "ముందుకే పోనివ్వండి బాబూ. పిడి ఎత్తేస్తాను. ఇక్కడొకాయన తండ్రి శవం దగ్గరికి పోవాలి. ఈగలు పోతే పోయాయి."

అటు కుర్చీ జరిగిన చప్పుడయింది.

"మేడం, ఎత్తకండి," అన్నాడు. "నా బల్ల మీద ఒక తాళం ఉంది. దాన్ని తిప్పితే మీరున్న లైను సెక్షను మొత్తం వరుస చేతిలోంచి మనిషి చేతిలోకి వస్తుంది. ఈ ఉద్యోగంలో చేరినప్పటి నుంచి రోజూ దాని మీద దుమ్ము తుడుస్తున్నా. ఎవరూ వాడగా చూడలేదు."

"వాడితే ఏటవుతుంది?"

"వాడినవాడే జవాబు చెప్పుకోవాలి." తాళం కదిపిన చప్పుడు వినిపించింది. "ఇన్నాళ్ళూ ఎవరో చేసినదానికి జవాబులు చెప్పా. ఒకసారి నేను చేసినదానికి చెబుతా. మీ వెనక లూపు ఖాళీగా ఉందా? ఎవరైనా నడిచి చూడాలి. నాకు మీ కళ్ళే దిక్కు."

దాలినాయుడు వెనక్కి పరుగెత్తాడు. లూపు పట్టాల మీద కాశమ్మ గేదె నిలబడి ఉంది. కాశమ్మ దాన్ని తిడుతూ, తోక మెలిపెట్టి పక్కకు తోలింది. మా ఆయన భుజం మీది తువ్వాలు తీసి గాల్లో ఊపాడు. నేను పిడి ఎత్తాను.

"నెమ్మదిగా రానిస్తున్నా," అన్నాడు సుభానీ. "ఆగమన్నప్పుడు గట్టిగా చెప్పండి."

బండి వెనక్కి కదిలింది. ముసలి ఎద్దు అడుగులేసినట్టు ఒక్కొక్క బారే నడిచింది. మెరుపు బండి జనమంతా మాటలాపి చూశారు. ముందు రెండు వ్యాగన్లూ, ఇంజనూ లూపులోకి వచ్చేదాకా నేను తలుపులోంచి వంగి చూస్తూనే ఉన్నాను. "ఆపండి!" అన్నాను. ఆగింది. పెట్టెలు నాలుగైదు బారలు అటూ ఇటూ అయినా, మేత నుంచి వచ్చిన ఈగలు కాసేపు తికమకపడి తమ గుమ్మాలు వెతుక్కున్నాయి.

జనం పరుగున వెళ్ళి బండెక్కారు. మెరుపు బండి మా పక్కనుంచి పోతున్నప్పుడు తలుపు అద్దం వెనక తెల్లచొక్కా కనిపించింది. నాలుగింటికి చేరాడో లేదో తెలియదు. చేరాడని అనుకోవడం తప్ప నేను చెయ్యగలిగింది లేదు.

నమోదు 28. కాకర్లమెట్ట నుంచి బయల్దేరుతూ.

పొద్దుగూకింది. ఈగలు వచ్చాయి. చీకటి పడేదాకా ఆగి, గుమ్మాలకు వలలు బిగించాం.

సెక్షను ఇంకా సుభానీ చేతిలోనే ఉంది. అడ్డం పూర్తిగా తొలగిందని అతనింకా రాయలేదట. రాస్తే వరుస లాక్కుంటుంది. "నీళ్ళ బండి దాటుతోంది మేడం. దాని తోక పట్టుకుని మిమ్మల్ని వదులుతున్నా. తెల్లారేదాకా ఎక్కడా ఆపను," అన్నాడు.

కాశమ్మ పొద్దున్నుంచీ అడగాలనుకుని అడగలేదు. కదలబోయేముందు అడిగింది. "ఒక్క పెట్టె పెట్టి పోరాదా తల్లే?"

పెట్టెలు నావి కావు, సంఘానివి. అయినా దాలినాయుడూ నేనూ కలిసి ఒకటి దించాం. బలమైనదే ఎంచాం, రాణి ఈ ఏడాదిది. చేను గట్టున నీడపట్టున పెట్టి, ఎండాకాలం నీళ్ళెలా పెట్టాలో చెప్పాను. సంఘం వారికి మనవి: లెక్కలో రెండు పెట్టెలు తక్కువ ఉంటాయి. ఒకటి చచ్చింది. ఒకటి నేనిచ్చాను.

నమోదు 29. సిరిమేడు లూపు లైను, పొద్దున్నే.

రాత్రంతా పచ్చదీపాలే. అలా బండి సాగుతుంటే నాకు నిద్రే పట్టలేదు, ఎక్కడ ఆపుతారోనని. ఎక్కడా ఆపలేదు. తెల్లవారాక సిరిమేడులో ఆపారు. మేం పెట్టెలు దించాల్సిన సైడింగుకు ఇంకొక్క స్టేషనే ఉంది.

ఫోను చేస్తే సుభానీ గొంతు కాదు. మనిషి గొంతే కాదు. మా సరుకు దించే ప్లాట్‌ఫారం మీద ఇటుకల వ్యాగన్లు ఉన్నాయని, అవి ఖాళీ అయ్యేదాకా నిరీక్షించాలని, ధన్యవాదాలని చెప్పి పెట్టేసింది. నాకు ఒళ్ళు మండిపోయింది. ఎవరిని తిట్టాలో తెలియక ఫోనునే తిట్టాను.

దాలినాయుడు పిలిచాడు. "ఓలె రత్నం, ఇటు సూడు."

వ్యాగన్ల అవతలి పక్కకు వెళ్ళాను. లైనుకూ పొలాలకూ మధ్య ముళ్ళకంచె ఒక్కటే అడ్డం. కంచె నుంచి కనుచూపు మేర పొద్దుతిరుగుడు. పువ్వులన్నీ తూర్పుకు తిరిగి ఉన్నాయి. రోజూ మాకు ఫోన్లు చేస్తున్న రైతుల చేలు ఇవే. సైడింగులో దిగినా మా ఈగలు ఎగిరి రావలసింది ఇక్కడికే.

ప్లాట్‌ఫారం ఇటుకలకు కావాలి, మనుషులకు కావాలి. ఈగలకెందుకు?

వలలు విప్పుతుండగా ఫోను మోగింది. తెలియని నంబరు.

"నేను మేడం, సుభానీని. ఇంటి నుంచి చేస్తున్నా. డ్యూటీ నుంచి దించారు. విచారణ ఉందట."

"నా వల్లే కదా బాబూ."

"కాదు మేడం. తాళం తిప్పింది నేను. రేపు అడిగితే అదే చెబుతా, ఎందుకు తిప్పానో కూడా చెబుతా."

"మీ తరఫున చెప్పడానికి నేనూ వస్తాను. ఈ నమోదులన్నీ తెస్తాను. మా ఆయన్నీ తెస్తాను."

నవ్వాడు. అతను నవ్వగా వినడం అదే మొదలు. "ముందు మీరెక్కడున్నారో చెప్పండి. దారిచ్చారా?"

"ఇవ్వలేదు. సిరిమేడులో నిలబెట్టారు. పెట్టెలు తెరిచేశాం."

"మళ్ళీనా! పగలు పచ్చదీపం పడితే?"

"ఈసారి ముందే బ్రేకు వేశాం. లూపులోనే ఉన్నాం, ఎవరి దారికీ అడ్డం లేదు. ఇంక పూత అయ్యేదాకా మేం కదలం."

"ఆ చప్పుడేంటి మేడం?"

నేను ఫోను చెవి దగ్గర నుంచి తీసి, పెట్టెల వైపు పట్టుకున్నాను. ఇన్నాళ్ళూ అతను గడుల్లో ఎలా వెయ్యాలో తెలియక తికమకపడ్డ సరుకు అది. అతను తృప్తిగా వినేదాకా అలాగే పట్టుకున్నాను.

పదింటికి దీపం పచ్చబడింది. ఇంజను కూత వేసి, ముందుకు గుంజి, కదల్లేక మూలిగింది. మా ఆయన పొయ్యి మీద టీ పెట్టాడు.